అద్దాల గుడ్డ బాలకృష్ణయ్య

వాన చినుకు పడిందంటే బాలకృష్ణయ్యకు తన మోటారు సైకిలు కళ్ళద్దాలు తప్ప ఈ లోకంలో ఇంకేమీ కనిపించదు. ఆ అద్దాలు పెట్టుకున్నాక అసలేమీ కనిపించదు. ఈ సంగతి ఆదోనిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయన బావమరిది జయరాం. బాలకృష్ణయ్య పత్తి దలాలీ. ఆయన వెనక సీటు మీద కూర్చుని బేరాలకు ఊళ్ళు తిరగడం జయరాం ఉద్యోగం. కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. బావ భుజం మీదుగా మెడ సాచి, "ఎనుము బావా... ఎడమకు... ఎద్దులబండి... కుడికి... గోడ, బావా, గోడ!" అని దారి పొడుగునా అరుస్తూ ఉండాలి. వానాకాలం అయిపోయేసరికి అతని గొంతు హరికథలవాడి గొంతులాగా తయారయ్యేది.

యుద్ధం ముగిశాక పట్టాళం వాళ్ళు బళ్ళారిలో పాత సామాన్లు వేలం వేస్తే కొన్న బండి అది. కదనరంగం చూసి వచ్చిన బండి అని బాలకృష్ణయ్య చెప్పుకునేవాడు. దాని దగ్గు వింటే ఆ మాట నమ్మబుద్ధి అయ్యేది. బజారులో అందరూ దాన్ని ఫటఫటి అనేవాళ్ళు. తోలు అంచులూ, వెనక సాగే పట్టీ ఉన్న కళ్ళద్దాల జత దానితో పాటు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చింది కాబట్టి ఆయనకు బండికంటే అద్దాల మీదే మమకారం ఎక్కువ. తలకు రుమాలు చుట్టి, దాని మీద ఆ పట్టీ బిగించి, గుబురు మీసాల పైన ఆ గాజు కళ్ళు పెట్టుకుని బయలుదేరితే వీధిలో చంటిపిల్లలు అన్నం తినడం మానేసి ఏడ్చేవాళ్ళు. తినని పిల్లలను బెదిరించడానికి తల్లులు ఆయన పేరు వాడుకునేవాళ్ళు కూడా.

ఆదోని బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారినప్పుడు, ఇక ఏ కాగితానికి ఏ కచేరీకి పోవాలో తెలియక పెద్దమనుషులంతా తలలు పట్టుకున్నారు. బాలకృష్ణయ్య మాత్రం ఒక ప్లీడరును పక్కకు పిలిచి, "కర్నూలు పక్క వానలు ఎక్కువంటారే, నిజమేనా అప్పా?" అని అడిగాడు. జిల్లా మారితే మబ్బులు కూడా మారతాయని ఆయన భయం.

నిజానికి ఆ తాలూకాలో వాన పడటమే గొప్ప. మబ్బుకేసి చూసి చూసి రైతుల మెడలు పట్టుకుపోతాయి. అలాంటి చోట వానవల్ల బాధపడే మనిషి ఒకే ఒక్కడు ఉండేవాడు, ఆయనే బాలకృష్ణయ్య. తొలకరి పడి ఊరంతా సంబరపడుతుంటే ఈయన అరుగు మీద అద్దాలు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు కూర్చునేవాడు.

రోగం ఎక్కడుందో జయరాం ఎప్పుడో కనిపెట్టాడు. బయట చల్లటి వాన. లోపల బావగారి వేడి ఊపిరి. బావగారు ఒక్క క్షణం నోరు మూయరు. దారిలో కనిపించిన ప్రతి చేను గురించీ, ప్రతి రైతు గురించీ, వాడి తాత చేసిన మోసం గురించీ చెబుతూనే ఉంటారు. ఆ మాటలన్నీ ఆవిరై గాజుకు పట్టేవి.

"బావా, కాసేపు మాట్లాడకుండా పోతే అద్దాలు మసకబారవు గదా."

"మాట్లాడకపోతే దలాలీ ఎట్లయితానప్పా?"

"ఇప్పుడు నువ్వు దలాలీ చేసేది ఎవరితో? నాతోనా, ఎద్దులతోనా?"

"అలవాటు పోకుండా చూసుకోవాల గదా!" అనేవాడు. అనడంతోనే ఎడమ గాజు మూసుకుపోయేది. బండి ఆపేవాడు. లోపలి జేబులోంచి గుడ్డ తీసి ముందు తుడిచేవాడు, తర్వాత ఊది తుడిచేవాడు, తర్వాత ఆకాశానికి పట్టి చూసేవాడు. ఆకాశంలోంచి రెండు చినుకులు గాజు మీద పడేవి. మళ్ళీ మొదటికి వచ్చేవాడు. పక్కనుంచి ఎద్దులబళ్ళు దాటిపోయేవి. ఒకసారి గొర్రెల మంద దాటిపోయింది. ఇంకోసారి పెళ్ళివారు మేళతాళాలతో దాటిపోతూ, పాపం ఎవరో దారి తప్పారనుకుని వీళ్ళిద్దరికీ తాంబూలాలు ఇచ్చిపోయారు.

దారి నిజంగా తప్పిన రోజు కూడా ఉంది. ఎమ్మిగనూరుకని బయలుదేరారు. వాన దంచి కొడుతోంది. దారులు చీలే చోట జయరాం తుమ్ముతున్నాడు. ఆ తుమ్ము పూర్తయ్యేలోపల బావగారు తనకు నచ్చిన మసకలోకి బండి తిప్పేశాడు. చాలాసేపటికి ఎదురుగా నీళ్ళు కనిపించాయి. "ఎమ్మిగనూరులో ఇంత పెద్ద చెరువు ఎప్పుడు తవ్వినారప్పా?" అన్నాడు. అది తుంగభద్ర. వాళ్ళున్నది మంత్రాలయంలో. చేసేది లేక స్నానం చేసి, దర్శనం చేసుకుని, ప్రసాదంతో ఇంటికి వచ్చారు. జయరాం అక్క తులసమ్మ, అంటే బాలకృష్ణయ్య భార్య, ఆ ప్రసాదం కళ్ళకద్దుకుని, "పెండ్లయినప్పటినుంచి ఈయనకు భక్తి ఎప్పుడు కలుగుతుందా అని చూస్తాంటి" అని కళ్ళు తుడుచుకుంది. దారి తప్పామని చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఆ అద్దాల మసక పోగొట్టడానికి ఆయన చేయని వైద్యం లేదు. వంకాయ కోసి రుద్దాడు. గింజలు అంటుకుని దారంతా చీమలు పాకుతున్నట్టు కనిపించింది. శనగపిండి రాశాడు. ఈసారి నిజంగానే చీమలు వచ్చాయి. కలబంద గుజ్జు పూస్తే రెండు గాజులూ పచ్చగా మారి, ఎండిపోయిన జొన్నచేలన్నీ పచ్చగా కనిపించి, "ఈ ఏడు పంట బాగుండాదే" అని బేరంలో బోర్లాపడ్డాడు. ఆముదం పూసిన నాడు ఎదురొచ్చే ప్రతి ఎద్దు చుట్టూ ఇంద్రధనుస్సు కనిపించింది. పత్తి మండీలో కొత్తగా కనిపించిన ఏ మనిషినైనా ఆపి, "మీ ఊర్లో గాజుకు ఆవిరి పడితే ఏం చేస్తారు?" అని అడిగేవాడు. వాళ్ళ ఊర్లో గాజే లేదని వాళ్ళు చెప్పినా వదిలేవాడు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ తుడిచే గుడ్డలు ఒక ఎత్తు. ఎమ్మిగనూరులో లింగమ్మ అనే ముసలావిడ దగ్గర ఆయన ప్రత్యేకంగా ఆ గుడ్డలు నేయించుకునేవాడు. వారం వారం ఒక మూట తెచ్చేవాడు. వాన ఉన్నా తెచ్చేవాడు, లేకపోయినా తెచ్చేవాడు. ఎండాకాలంలో రోడ్డు మీద తారు కరుగుతుంటే కూడా తెచ్చాడు. అంటే వాన ఏడాదికి నాలుగు రోజులు పడే ఊర్లో, ఒకే ఒక్క జత అద్దాలకు, బీరువా నిండా గుడ్డలు. బీరువా నిండాక పెట్టె, పెట్టె నిండాక దేవుడి గూడు. తులసమ్మ వాటితో పెరుగు వడగట్టింది, ఊరగాయ జాడీలకు మూతులు కట్టింది, వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ పక్కగుడ్డలు పంచింది. అయినా తరగలేదు. చివరికి బావగారు పెళ్ళిళ్ళకు పోతే వధూవరుల చేతిలో ఆ గుడ్డల కట్ట పెట్టి, "అద్దాలు తుడుచుకోండి, దీనిని మించింది లేదు" అని దీవించి రావడం మొదలుపెట్టాడు. వాళ్ళకు అద్దాలుండవు, బండి ఉండదు, చాలామందికి అప్పటికి మంచం కూడా ఉండదు.

పోనీ మంచి గుడ్డలా అంటే అదీ లేదు. వెలుతురుకు పట్టుకుంటే అక్కడో సందు, ఇక్కడో సందు. ఒకచోట పోగులు గుమిగూడి ఉంటాయి, ఇంకోచోట అసలు పోగే ఉండదు. ఊరు ఊరంతా మగ్గాలతో బతికే ఎమ్మిగనూరులో ఇంతకంటే పాడు గుడ్డ దొరకదని జయరాం నమ్మకం. బావకు పిచ్చి ముదిరిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు అనుకున్నాడు.

మామూలుగా బావ గుడ్డలకు పోతే జయరాం హోటల్లో కూర్చుని ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీలూ తినేవాడు. ఒకసారి హోటలు మూసి ఉండటంవల్ల తానూ వెంట పోయాడు. చిన్న ఇల్లు. నేలలో గుంత, అందులో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు లింగమ్మ. అడుగుల చప్పుడు వినగానే పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపింది.

"ఏమప్పా శెట్టీ, పోయినసారి గుడ్డలు సరిపోయినాయా?"

"బాగుండాయి అవ్వా. ఒకటి రెండు మాత్రం కాస్త బిగువుగా వచ్చినాయి. నీళ్ళు పీల్చలేదు."

"ఏం సేద్దునప్పా, సెయ్యి వాటం! పెండ్లయి వచ్చినప్పటినుంచి సీరలు నేసిన సెయ్యి. సందులు సందులుగా నెయ్యమంటే యాడ ఇంటాది? ఎవురన్నా సూస్తే లింగమ్మకు మగ్గం మర్సిపోయిందనుకుంటారు. నాకు సిగ్గయితాంది."

"అనుకోనీ. నా అద్దాల సంగతి వాళ్ళకేం తెలుసు? పోగు తెగితే నువ్వు ముడి వెయ్యొద్దు. అట్లే విడిచిపెట్టు. ఆ సందులోంచే తడి లోపలికి పోయేది."

"పాడు బట్ట నేయించుకునే శెట్టిని నిన్నే సూసినా" అని ఆవిడ నవ్వింది. బాలకృష్ణయ్య కొత్త గుడ్డ ఒకటి తీసుకుని, పట్టుచీర చూసే పెళ్ళికూతురి తండ్రిలాగా చేతుల మీద వేసుకుని, "ఆహా, ఈ సందు చూడు జయరామూ!" అన్నాడు. జయరాం ఆ సందులోంచి బావ ముఖం చూసి, అక్కయ్య బతుకు ఇలా అయిపోయిందేమని బాధపడ్డాడు.

ఇక ఊరుకోకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాడు. దేవుడు కూడా అతని పక్కనే ఉన్నట్టు, కొద్దిరోజులకే మంగలి అంగడిలో దారి చూపించాడు. గడ్డం గీయించుకుంటుంటే వేడినీళ్ళ చెంబు ఆవిరికి ఎదుటి అద్దం మొత్తం మసకబారింది. ఒక మూల మాత్రం జయరాం ముక్కు తళతళా కనిపిస్తోంది. ఇదేమని అడిగితే, పొద్దున సబ్బు నురగ చింది అక్కడ పడితే పొడిగుడ్డతో తుడిచానని మంగలి చెప్పాడు. జయరాం సగం గడ్డంతోనే లేచి నిలబడ్డాడు. లోకంలో గొప్ప విషయాలు కనిపెట్టినవాళ్ళు కూడా ఇంత పొంగిపోయి ఉండరు. మిగతా సగం గడ్డం సంగతి అతనికి మర్నాటిదాకా గుర్తు రాలేదు.

శ్రావణంలో ఒక పొద్దున మబ్బు బాగా దిగింది. ఎమ్మిగనూరు ప్రయాణం. బావ స్నానానికి పోయినప్పుడు జయరాం ఆ అద్దాలు తీసి, లోపలి వైపు పొడి సబ్బు రుద్ది, గుడ్డతో మెరిసేదాకా తుడిచి, ఏమీ ఎరగనట్టు చిలక్కొయ్యకు తగిలించాడు. ఊరు దాటగానే వాన పట్టుకుంది. బావ మాటలు మొదలుపెట్టాడు. ఒక చేను కథ అయింది. ఆ రైతు తాత మోసం కథ అయింది. గాజు మీద మసక రాలేదు. బయట పడిన చినుకులు గాలికి పక్కకు జారిపోతున్నాయి. బావ ఇంకో కథ చెప్పి, గాజుకేసి అనుమానంగా ఊదాడు. అయినా రాలేదు.

"ఏమి బావా, ఆపలేదే ఈ పొద్దు?" అని జయరాం వెనకనుంచి తియ్యగా అడిగాడు.

బావ బండి వేగం పెంచాడు. ఆ తర్వాత ఎమ్మిగనూరు దాకా నోరు విప్పలేదు. ఆయన మాట్లాడకుండా అంత దూరం ప్రయాణం చేయడం అదే మొదలు. బామ్మర్ది తెలివికి నోట మాట రావడం లేదని జయరాం మురిసిపోయాడు. ఊర్లోకి రాగానే, "నువ్వు హోటల్లో కూర్చోని ఉగ్గాణి తిను, నేను పోయొస్తా" అని బావ గబగబా అన్నాడు. విజయం చేతికొచ్చిన పూట ఉగ్గాణి ఎవరికి కావాలి? జయరాం ఆయనకంటే ముందు లింగమ్మ ఇంట్లోకి దూరాడు.

"అవ్వా, ఇంక నీకు ఆ పాడు గుడ్డలు నేసే కష్టం లేదు! మా బావ అద్దాలకు మందు దొరికింది. నేనే కనిపెట్టినా. సబ్బు!"

"జయరామూ, బయటికి పా" అన్నాడు బావ వెనకనుంచి.

"ఉండు బావా, చూడనీ!" జయరాం అద్దాలు బావ తలమీదనుంచి లాక్కుని, వాటిలోకి గట్టిగా ఊది, చెయ్యి బారుగా చాచి కిటికీ వెలుతురుకు పట్టాడు. "చూడవ్వా, ఎట్లుందో!"

లింగమ్మ అతని ముఖంకేసి చూస్తూ, "ఔనప్పా, తళతళా మెరుస్తాండాయి" అంది.

జయరాం చెయ్యి ఇంకా కిటికీ దగ్గరే ఉంది. ఆవిడ చూపు అతని నోటి దగ్గరే ఉంది. మాట ఎక్కడినుంచి వస్తే అక్కడికి చూస్తోంది. జయరాం నవ్వు నోట్లోనే నిలబడిపోయింది.

"అయితే ఇంక గుడ్డలు వద్దా?" అంది లింగమ్మ. చేతిలో నాడె పక్కన పెట్టి, సంతోషంగా గుంతలోంచి లేచింది. "మంచిదే అయింది. నీ అద్దాలు బాగుపడినాయి, నా సెయ్యీ బాగుపడతాది. ఈ పొద్దే సావుకారి అంగడికి పోయి నూలు తెచ్చుకుంటా. మల్లా సీరలు నేస్తా. లింగమ్మ సీర సూసి ఎన్నాళ్ళయిందో జనం!"

జయరాం బయటికి వచ్చి పడ్డాడు. పక్కింటి అరుగు మీద రాట్నం తిప్పుతున్న హుసేనమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "సక్కగా సేసినావప్పా!" అంది.

"ఆమెకు కండ్లు కనపడవా?"

"పొర కమ్మినాది. వీధిలో అందరికీ తెలుసు, ఆయమ్మ ఒకతే తెలీదంటాది. ఎవురన్నా కండ్ల మాటెత్తితే వారం దినాలు పలకదు. అప్పుడు సావుకారి ఈమె సీరలు తప్పులుండాయని ఒక మనిషితో తిప్పి పంపితే, మీ శెట్టి ఆ మనిషిని ఈ సందు మొగదలనే నిలిపి, ఈమెకు తెలీకుండా అవన్నీ తాను తీస్కున్యాడు. ఆ మరుదినమే అద్దాల గుడ్డల కత సురు చేసినాడు. సందులుంటేనే కావాలన్యాడు. ఈమె సందులు తాను కావాలనే ఇడుస్తాండాననుకుంటాది. ఇంక నువ్వొచ్చి సబ్బు దెచ్చినావు!"

"చీరలు నేస్తే ఏమైతుంది?"

"ఏమైతాది? సావుకారి నూలే ఇయ్యడు. నీకు కండ్లు లేవు పోవ్వా అని నలుగురిలో అంటాడు. మగ్గం నిలిస్తే ఆస్పరిలో తమ్మునింటికి పోవల్ల. తమ్ముడు మంచోడే. కానీ ఒకరి పొయ్యి కాడ కూసోని తినే మనిషా ఆయమ్మ? మూన్నాళ్ళు బతకదు."

ఇంతలో బాలకృష్ణయ్య బయటికి వచ్చాడు. జయరాం తల వంచుకుని, "బావా, నాకు తెలీదు" అన్నాడు.

"తెలీకపోతే అడగాల. అడగకుండా కనిపెట్టమని నీకెవరు చెప్పినారు? సబ్బు సంగతి నాకు తెలీదనుకున్నావా? బండి అమ్మిన నాడే పట్టాళపోడు చెప్పినాడు!"

"మరి వంకాయ? శనగపిండి? ఆముదం?"

"పిచ్చోడనే పేరు నిలబెట్టుకునేది అంత సులభమా? నాలుగు దినాలకొకసారి ఏదో ఒకటి రుద్దాల." ఆ కోపంలో కూడా ఆయన మీసాలు కొంచెం గర్వంగా లేచాయి. పిచ్చిలో ఎంత నిజం, ఎంత వేషం అన్నది జయరాంకు అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. వంకాయ నాటి ఉత్సాహం మాత్రం వేషమని ఎవరూ అనలేరు. "బళ్ళారిలో కండ్ల పొర తీస్తారంట. నెమ్మదిగా ఒప్పిస్తాండా. అంతదాకా ఆ మగ్గం ఆడాల" అన్నాడు.

ఇంట్లో లింగమ్మ గోనెపట్టా మడిచి తలకు కొప్పెర వేసుకుంటోంది. వానలో సావుకారి అంగడికి బయలుదేరుతోంది. హుసేనమ్మ రాట్నం వదిలేసి, "ఈ వానలో యాడికి పోతావక్కా, కూసో" అని అడ్డం పడింది. ఎంతసేపు ఆపగలదు?

"ఇప్పుడేం చెయ్యాల బావా?"

"ఏముంది, నీ సబ్బు ఓడిపోవాల."

"ఎట్ల ఓడిపోతుంది?"

"పడిపోవాల."

"ఎవరు?"

"ఎవరేంది? ఇద్దరమూ!"

సందు వెనక నల్లరేగడి బండిబాట ఉంది. వానకు అది బాగా నాని, అడుగు పెడితే చెప్పు తిరిగి ఇచ్చేలా లేదు. అందులో కాస్త పక్కకు ఒరిగి, మర్యాదగా బట్టలకు బురద పూసుకుని రావాలని ఒప్పందం. కానీ ఇన్నేళ్ళు ఏమీ కనిపించకుండా నడిపి ఒక్కసారీ పడని మనిషికి, అంతా స్పష్టంగా కనిపిస్తుంటే పడటం చేతకాలేదు. గుంత దగ్గరికి రాగానే బండిని చక్కగా పక్కనుంచి తప్పించాడు.

"పడు బావా!"

"పడతాండా ఉండు! గుంత కనపడుతుంటే ఎట్ల పడేదప్పా? చెయ్యి దానంతట అదే తిరుగుతాంది!"

"అయితే మాట్లాడు. ఆవిరి పట్టనీ."

బాలకృష్ణయ్య మాట్లాడాడు. ఆస్పరి రైతు గురించి, వాడి తాత గురించి, ఆ తాత ఎద్దు గురించి కూడా మాట్లాడాడు. సబ్బు చెక్కుచెదరలేదు. జయరాం జన్మలో కనిపెట్టింది అది ఒక్కటే, అదీ అన్యాయంగా పనిచేస్తోంది. చివరికి బావ బండి ఆపి, జేబులోంచి లింగమ్మ గుడ్డ తీసి, వానలో తడిపి, సబ్బంతా ఊడ్చేశాడు. ఆ గుడ్డ అంత బాగా తుడుస్తుందని ఆయనకు కూడా అంతవరకు తెలియదు. తర్వాత రెండు గాజుల్లోకీ కడుపులో ఉన్న ఊపిరంతా ఊదాడు. పాత మసక, తమకు బాగా తెలిసిన మసక, చక్కగా వచ్చి కూర్చుంది. "గుంత, బావా, ఎదురుగా!" అని జయరాం మొట్టమొదటిసారి సంతోషంగా అరిచాడు. బండి ఒక పక్కకు, బావ ఒక పక్కకు, బామ్మర్ది ఇద్దరి మధ్యకు పోయారు. మర్యాద సంగతి ఎవరికీ గుర్తు లేదు.

వాళ్ళు బండి తోసుకుంటూ వచ్చేసరికి లింగమ్మ హుసేనమ్మను పక్కకు నెట్టి గడప దాటుతోంది.

"ఎవురప్పా అది?"

"నేనే అవ్వా, బాలకృష్ణయ్యను."

"గొంతు అట్లుండాదేమి?"

"నోట్లో మట్టి పోయింది."

లింగమ్మ చెయ్యి చాచి ఆయన ముఖం తడిమింది. మీసాలు ఎక్కడున్నాయో దొరకలేదు. పక్కన ఉన్న జయరాంను తడిమింది. చెవులు నిండిపోయి ఉన్నాయి. "సబ్బేనా?" అంది.

"సబ్బే అవ్వా" అన్నాడు జయరాం. "ఊరు దాటినామో లేదో, నురగ కట్టి రెండు అద్దాలూ మూసుకుపోయినాయి. ఏమీ కనపడలేదు. బుద్ధి తక్కువ పని చేసినా."

అప్పుడు ఆ ముసలావిడ నవ్వింది చూడండి! గోనెకొప్పెర జారి కింద పడేదాకా నవ్వింది. మగ్గం మీదనుంచి కోసి పెట్టిన గుడ్డ తెచ్చి, ఇద్దరినీ చంటిపిల్లలను తుడిచినట్టు తుడిచింది. "సూడు, ఎట్ల పీలుస్తాందో! ఇది నేసేదానికి సెయ్యి ఉండాలప్పా. సబ్బంట సబ్బు! ఇంకోసారి దాన్ని అద్దాలకు తాకించినావంటే నా గడప తొక్కొద్దు." తర్వాత, "సీరలు యాడికీ పోవు, వచ్చే ఏడు నేస్తాలే. ముందు మీ పానాలు దక్కల్ల" అని గుంతలోకి దిగి కూర్చుంది. నాడె టకటకా ఆడింది. హుసేనమ్మ తన అరుగు మీదికి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది.

జయరాంకు బావ మీద ఆ రోజు కలిగినంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. బురద ఆరి చర్మం లాగడం మొదలయ్యేదాకా అది గట్టిగా నిలిచింది. ఆ గౌరవంలోనే ఒక మాట అనేశాడు.

"అవ్వా, నాకూ కొన్ని గుడ్డలు నెయ్యి."

నాడె ఆగింది. "నీకేంటికప్పా? నీకు బండి లేదు గదా?"

"తీసుకుంటాండా అవ్వా."

"అద్దాలు?"

"అవి... ముందే తీసుకున్నా."

బాలకృష్ణయ్య బామ్మర్దికేసి చాలాసేపు చూశాడు. బండి ఎక్కాక, "అబద్ధం ఆడితే దానికి తగిన సామాను పెట్టుకోవాలప్పా. ఆదోని మనిషి ఎవరు కనపడినా ఆమె నీ అద్దాల గురించి అడుగుతుంది" అన్నాడు.

అడిగింది. నూలు కోసం పోయినవాళ్ళను అడిగింది, పత్తి బళ్ళు తోలినవాళ్ళను అడిగింది, ఆదోనిలో ఉన్న హుసేనమ్మ చుట్టాలతో కబురు పెట్టి మరీ అడిగింది. అందుకని జయరాం బళ్ళారి నుంచి ఒక జత పాత పట్టాళం అద్దాలు తెప్పించుకోక తప్పలేదు. పెట్టుకోకా తప్పలేదు. మోటారు సైకిలు కొనే స్తోమత అతనికి లేదు, ఇక రాదు కూడా. నెత్తిన రుమాలు, దాని మీద పట్టీ, ముఖానికి రెండు గాజు కళ్ళు, కాళ్ళకు చెప్పులు. మండీకి నడిచి పోతుంటే, తినని పిల్లల తల్లులకు ఇప్పుడు రెండు పేర్లు దొరికాయి.

మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేని ఎండలో, జయరాం ఒక అంగడి ముందు ఆగినప్పుడు అంగడివాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"జయరామన్నా, వాన లేదు, నీకు బండీ లేదు. ఈ అద్దాలు ఏంటికప్పా నీకు?"

జయరాం అద్దాలు తీశాడు. జేబులోంచి సందులు సందులుగా ఉన్న గుడ్డ తీశాడు. ముందు తుడిచాడు, తర్వాత ఊది తుడిచాడు, తర్వాత ఆకాశానికి పట్టి చూశాడు.

"తుడుచుకునేదానికి" అన్నాడు.